తేనెపిట్ట లోకలా, నాన్ లోకలా?

మా వరండాలో బట్టలారేసే తీగకి తేనెపిట్ట గూడు కట్టిన రోజున నాకు మొదట వచ్చిన ఆలోచన, అది కిందపడి గుడ్లు పగిలితే ఆ పాపం మా ఇంట్లో ఎవరికి తగులుతుందా అని. రెండో ఆలోచన, గుడ్ల కోసం పాము వస్తుందేమోనని. మూడో ఆలోచన కోళ్లకొచ్చే జ్వరం పిట్టలకి కూడా వస్తుందా, వస్తే మనకి అంటుకుంటుందా అని. తహసీల్దారు ఆఫీసు వాళ్లు వస్తారన్న ఆలోచన మాత్రం రాలేదు. ఎప్పుడూ అంతే. నేను భయపడినవేవీ జరగవు, భయపడకుండా వదిలేసినదే జరుగుతుంది. అందుకని ఏదీ వదలకుండా భయపడాలని ఇంట్లోవాళ్లకి చెబుతూనే ఉంటాను. ఎవరూ వినరు.

మాది గుండ్లమడుగు. కాలువ గట్టు మీద ఇల్లు. మా ఆయన బ్రహ్మయ్యకి బజార్లో మోటార్లు, కూలర్లు బాగుచేసే కొట్టు ఉంది. ఎండాకాలం వచ్చిందంటే ఊళ్లో కూలర్లన్నీ ఆయన కొట్లోనే ఉంటాయి, మా ఇంట్లో కూలరు మాత్రం తిరగదు. మాకు ఒక్కతే అమ్మాయి, సింధూర. పదో తరగతి మంచి మార్కులతో పాసయింది. పశువైద్యం డిప్లొమా చదువుతానని పట్టుబట్టింది. గేదె తంతే ఎట్లా, కుక్క కరిస్తే ఎట్లా అని నేను చాలా చెప్పి చూశాను. "మనుషుల డాక్టర్ని మనుషులు కొడతన్నారు కదమ్మా, గేదె నయం" అంది.

ఆ కాలేజీ మా జిల్లా హెడ్‌క్వార్టర్లోనే కొత్తగా పెట్టారు. సీట్లన్నీ లోకల్ వాళ్లకే. మేము లోకల్ అవునా కాదా అన్న సందేహం నాకు రాలేదు. ఇంత భయస్థురాలికి ఆ ఒక్క సందేహం రాకపోవడం చూస్తేనే, జరగబోయేది అదేనని తెలుసుకోవలసింది.

సంగతేమిటంటే, జిల్లాలు విడగొట్టినప్పుడు గీత మా కాలువ నడిమధ్యలో గీశారు. మా ఇల్లు గీతకి ఇవతల. అమ్మాయి చదివిన హైస్కూలు గీతకి అవతల. వంతెన దాటితే బడి. వంటింటి కిటికీ దగ్గర నిలబడితే బడిలో జెండా కర్ర, దాని పక్కన మందార చెట్లు కనబడతాయి. అమ్మాయి డబ్బా మర్చిపోతే నేను ఇక్కణ్నుంచి కేకేస్తే అక్కడ బంట్రోతు వచ్చి తీసుకెళ్లేవాడు.

తహసీల్దారు ఆఫీసులో స్థానికత సెక్షను చూసేది డిప్యూటీ తహసీల్దారు పానకాలరావు గారు. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచి ఆయన చూసింది ఆ ఒక్క విషయమే. మనిషిని చూడగానే ఆయనకి పేరు, వయసు కాదు, లోకలా నాన్ లోకలా అన్నదే మొహం మీద కనబడుతుందని అంటారు. మా దరఖాస్తు చూసి కళ్లజోడు తీశారు.

"అభ్యర్థిని వరసగా నాలుగు సంవత్సరాలు పొరుగు జిల్లాలో విద్యాభ్యాసం గావించినట్లు తెలియవచ్చుచున్నది. కావున సదరు అభ్యర్థిని స్థానికేతరురాలు."

"పొరుగు జిల్లా అంటే కాలువ అవతలండీ. మా వంటింటి కిటికీలోంచి కనపడతది."

"కనబడటం వేరమ్మా. చంద్రుడూ కనబడతాడు. మన మండలం కాదు."

"రోజూ సాయంత్రం ఇంటికొచ్చి ఇక్కడే తిని ఇక్కడే పడుకుందండీ."

"ఎక్కడ పడుకున్నదీ నిబంధనల్లో లేదు. ఎక్కడ చదివిందన్నదే ఉంది."

కౌన్సెలింగు జూన్ మొదటి సోమవారం. ఆలోపల కాగితం రాకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. ఇంటికొచ్చాక అమ్మాయి ఏడవలేదు. అది ఏడిస్తే నాకు భయం తక్కువ. గోడకి వీపు ఆనించి కూర్చుని తీగ మీద తేనెపిట్ట గూడుకి పీచు తగిలిస్తుంటే చూస్తూ ఉండిపోయింది.

ఆ వారంలోనే పైనుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. ఎండాకాలంలో మండలంలో కనబడే లోకల్ పక్షులేవి, అవి ఎక్కడెక్కడ కనబడును, మండలానికి పాతిక చొప్పున రాసి పంపితే, పక్షులు చూసేవాళ్లకి పనికొచ్చేలా చిన్న పుస్తకం వేస్తామని. ఆలోచిస్తే మంచి పనే. కానీ మా తహసీల్దారు ఆఫీసులో టపా విడగొట్టడానికి ఒక పద్ధతి ఉంది. కాగితం అంతా చదివే తీరిక ఎవరికీ ఉండదు కాబట్టి, తెలిసిన మాట ఏది ముందు కనబడితే ఆ సెక్షనుకి పంపేస్తారు. 'లోకల్' అన్న మాట కనబడగానే ఇది పానకాలరావు గారి బల్ల మీదికి వెళ్లింది. అంతకుముందోసారి లోకల్ రైలు వేళల గురించి వచ్చిన కాగితం కూడా ఆయనకే వెళ్లిందట. ఆ రైలు గత నాలుగేళ్లుగా వరసగా ఏ స్టేషన్లో ఉంటున్నదో ఆధారాలతో తెలపాలని తిరుగు టపాలో రాశారట. ఆ తర్వాత మా ఊళ్లో రైలు ఆగడం మానేసింది.

పక్షుల కాగితం చూసి ఆయన ఏమాత్రం తొణకలేదు. లోకల్ పక్షులంటే స్థానికత కలిగిన పక్షులు. స్థానికత అంటే ఆయనకి కొట్టిన పిండి. ఆ పని పూర్తయ్యేదాకా మనుషుల దరఖాస్తులన్నీ ఆపేశారు. మైకు పెట్టిన ఆటో వీధి వీధీ తిరిగింది. "మీ ఇంట గాని, మీ పెరట గాని పక్షులు నివసించుచున్నచో వెంటనే తెలియజేయవలెను. దాచిపెట్టినవారిపై చర్యలు తీసుకొనబడును."

దాచిపెట్టడం అన్న మాట వినగానే వరండాలోకి పరుగెత్తాను. చాపతో గూటిని కప్పుదామా అనుకున్నాను. మళ్లీ అదే దాచిపెట్టడం అవుతుందేమోనని మానేశాను. పక్కింటి మస్తాన్‌బీ గోడ మీద నుంచి చూసి, "ఏంది రత్నక్కా, దొంగసారా దాచినట్టు అట్టా తిరగతన్నావు. నువ్వే పోయి చెప్పు. ఆ పానకాలరావుతోనే గదా మీ పిల్ల పని. పిట్ట పేరు చెప్పుకునైనా వాకిట్లోకి వస్తాడు" అంది.

చెప్పాను. మర్నాడే వచ్చారు. పానకాలరావు గారు, టేపు పట్టుకున్న ఇద్దరు మనుషులు. గూటికి నేల నుంచి ఎత్తు, గోడ నుంచి దూరం, సరిహద్దులు కొలిచారు. తూర్పున తులసి కోట, పడమర మీటరు పెట్టె, ఉత్తరాన బ్రహ్మయ్య లుంగీ.

"పక్షి పేరు?"

"తేనెపిట్టండి."

"ఇంటిపేరు?"

నేను మస్తాన్‌బీ కోసం గోడ వైపు చూశాను. ఆమె గోడ దిగి ఆవల ఎక్కడో నవ్వుతోంది. "వాటికి ఇంటిపేరు ఉండదేమోనండీ. ఇల్లు మాదే కాబట్టి గోనుగుంట్ల అని రాసుకోండి."

రాసుకున్నారు. "ఇంటి యజమాని ఉన్నారా?"

"కొట్టుకెళ్లారండీ."

"మీ ఆయన కాదమ్మా. గూటి యజమాని."

"ఆయనా బయటికెళ్లాడండీ. పొద్దున్నే పోతాడు."

"మరి లోపల ఉన్నది?"

"ఆవిడండీ. గుడ్ల మీద కూర్చుంది, లేవదు."

పానకాలరావు గారు వంగి చూశారు. "ఈవిడ పసుపుగా ఉన్నది. యజమాని?"

"నల్లగా ఉంటాడండీ. ఎండలో నీలంగా మెరుస్తాడు."

"రంగులు వేరు. ఇద్దరూ ఒకే కుటుంబమని ఆధారం?"

గోడ అవతల నుంచి మస్తాన్‌బీ తల పైకి లేచింది. "ఆధారం ఏందయ్యా. పొద్దున లేచిన కాడినుంచి ఆవిడ అరస్తానే ఉంటది, ఆయన తలకాయ ఊపతానే ఉంటాడు. ఇంకా ఏం కావాల?"

'స్థానిక విచారణలో దంపతులని రుజువైనది' అని రాసుకున్నారు.

"నివాసం ఎన్నేళ్లుగా? వరసగా నాలుగేళ్లు ఉండాలి."

ప్రతి ఎండాకాలం ఆ తీగకి తేనెపిట్ట గూడు కట్టడం నిజమే. కానీ అవే పిట్టలని ఎట్లా చెప్పను. అబద్ధం చెబితే జైలు, నిజం చెబితే పిట్ట నాన్ లోకల్. "తీగ కట్టి నాలుగేళ్లు దాటిందండీ" అన్నాను. అందులో అబద్ధం లేదు.

ఆయన సంతోషించారు. నన్ను ఆ పిట్టకి సంరక్షకురాలిగా నియమించి సంతకం చేయించుకున్నారు. పై అధికారులు తనిఖీకి వచ్చినప్పుడు సదరు పక్షిని సదరు చిరునామాలో చూపించే బాధ్యత నాది. నేను చేతులు నలుపుకుంటూ అమ్మాయి మాట ఎత్తాను.

"తనిఖీ సంతృప్తికరంగా ముగిసిన పిదప తమ కుమార్తె విషయం సానుభూతితో పరిశీలిస్తాం."

"సానుభూతంటే ఇస్తారాండీ?"

"పరిశీలిస్తాం."

మర్నాటికి మా గేటుకి బోర్డు వచ్చింది. 'లోకల్ పక్షి దర్శన స్థలం. ఇచ్చట తేనెపిట్ట కనబడును. వేళలు ఉదయం పదిన్నర నుంచి సాయంత్రం ఐదు వరకు. భోజన విరామం కలదు. రెండవ శనివారం సెలవు.' రాత్రి అన్నం తింటూ మా ఆయనకి చూపిస్తే, "ఆ వేళల్లో కాకి కూడా బయటికి రాదే" అన్నారు. మెల్లగా అనమన్నాను. గేటు వింటుందేమోనని నా భయం.

ఇక ఊరంతా అదే గోల. తహసీల్దారు ఆఫీసు పైకప్పులో ఉంటున్న పావురాలకి, ప్రభుత్వ భవనంలో కేటాయింపు లేకుండా నివసిస్తున్నందుకు నోటీసు ఇచ్చారు. నోటీసు అంటించిన గోడ మీదే అవి తమ సమాధానం రాశాయి. కాలువలో కొంగలకి ఇంకో చిక్కు వచ్చింది. నీళ్లు తగ్గిపోయి అవి సరిగ్గా మధ్యలో నిలబడుతున్నాయి, జిల్లాల గీతేమో అక్కడే. కొంగ ఒంటికాలి మీద నిలబడుతుంది కాబట్టి, కిందకి దించిన కాలు ఏ జిల్లాలో ఉంటే ఆ జిల్లా కొంగ అని తేల్చారు. కాలు మార్చినప్పుడల్లా రాసుకోవడానికి గట్టు మీద గొడుగు కింద ఒక మనిషిని కూర్చోబెట్టారు.

అన్నిటికంటే పెద్ద విచారణ కోయిలది. మార్కెట్ యార్డు పక్క వేపచెట్టు కింద నిలబడి పానకాలరావు గారు నోటీసు చదివి వినిపించారు. కోయిల పైనుంచి 'కూ' అంది. పుట్టింది కాకి ఇంట్లో, పెంచింది కాకి, సొంత గూడు లేదు, ఎండాకాలం పోతే ఎక్కడుంటుందో సాక్షులెవరూ చెప్పలేకపోయారు. అడిగిన ప్రతి ప్రశ్నకీ ఒకటే జవాబు చెబుతున్నది. స్థానికేతర పక్షిగా నిర్ణయించడమైనది. కాకి దగ్గర నుంచి దత్తత పత్రం తెచ్చుకుంటే పునఃపరిశీలిస్తామన్నారు. కోయిల పోయేసరికి పాతిక పక్షుల్లో ఒకటి తక్కువైంది. ఎంత వెతికినా ఇంకోటి దొరకలేదు. ఉన్న పక్షులన్నీ బోర్డులకి భయపడి కాలువ దాటాయని జనం చెప్పుకున్నారు.

అసలు నా ప్రాణం తీసిన సంగతి అదే. కాలువ దాటడం.

మా తేనెపిట్ట యజమాని పొద్దున్నే ఎక్కడికి పోతాడో నేను అంతదాకా పట్టించుకోలేదు. సంతకం పెట్టాక పట్టించుకున్నాను. వంటింటి కిటికీలోంచి చూస్తే, సూటిగా కాలువ దాటి, గీత దాటి, హైస్కూలు మందార చెట్ల మీద వాలుతున్నాడు. తేనె అక్కడిది. రోజల్లా అక్కడే. గుడ్లు పిల్లలయ్యాక ఆవిడ కూడా మొదలుపెట్టింది. ఇద్దరూ పక్క జిల్లాకి పోవడం, నోట్లో పురుగో తేనో పట్టుకుని మన జిల్లాకి రావడం.

ఇది పానకాలరావు గారికి తెలిస్తే పిట్ట నాన్ లోకల్. పిట్ట నాన్ లోకలైతే సానుభూతి లేదు. నేను మా ఆయన ప్రాణం తోడి అయిదారు మందార కుండీలు తెప్పించి వరండా నిండా పెట్టాను. పంచదార నీళ్లు చిన్న గిన్నెలో పోసి తీగకి కట్టాను. చీమలొచ్చాయి. చీమలు పిట్ట పిల్లల్ని కరుస్తాయని గిన్నె తీసేశాను. కుండీల వైపు పిట్ట యజమాని ఒక్కసారి తల తిప్పి చూసి మళ్లీ బడికే పోయాడు.

సింధూర గుమ్మంలో కూర్చుని చూస్తూ, "నాకు కూడా ఇట్టా బడినే ఇంటికి తెప్పించి ఉంటే అయిపోయేదిగా అమ్మా" అంది.

"వేళాకోళాలా? నీ సీటు కోసమే కదే ఇదంతా."

"తెలుసు. అందుకే నవ్వతన్నా."

మస్తాన్‌బీ వచ్చి కుండీలు చూసి, "పోనీలే అక్కా, మనం కూడా చీర కొనాలంటే ఆ జిల్లాకే పోతాం. మనం ఎవళ్లం మరి?" అంది. ఆ ప్రశ్న ఇంకెక్కడా అడగవద్దని దాన్ని బతిమాలుకున్నాను.

కౌన్సెలింగుకి ముందు శుక్రవారం, పక్షుల పుస్తకం వేసే పై ఆఫీసు నుంచి జాయింట్ డైరెక్టరు గారు తనిఖీకి వచ్చారు. పొట్టిగా, నూలు చీరలో, మాట తక్కువ మనిషి. ఆమె వెనుక పానకాలరావు గారు, ఆయన వెనుక ఊరు. వరండాలోకి రాగానే ఆమె గూట్లోకి చూశారు. రెండు చిన్న నోళ్లు తెరుచుకుని ఉన్నాయి.

"తల్లిదండ్రులు ఎక్కడ?"

పానకాలరావు గారు నా వైపు చూశారు. నేను తులసి కోట వైపు చూశాను. అప్పుడే కాలువ అవతల నుంచి చేతి మైకు మోగింది.

"గుండ్లమడుగు మండల అధికారులకు విజ్ఞప్తి. మా జిల్లా తేనెపిట్టపై మీరు అక్రమంగా తనిఖీ నిర్వహించుచున్నారు."

అటు గట్టు మీద బడి గోడకి పెద్ద గుడ్డ బ్యానరు కట్టి ఉంది. 'మా లోకల్ తేనెపిట్టకు స్వాగతం.' దాని కింద వాళ్ల డిప్యూటీ తహసీల్దారు, వాళ్ల ఊరు. బ్యానరు పక్కన మందార కొమ్మ మీద మా గూటి యజమాని తల కిందులుగా వేలాడుతూ పువ్వులో ముక్కు పెట్టి ఉన్నాడు. జాయింట్ డైరెక్టరు గారు దుర్భిణిలో చూశారు. అక్కర్లేదు, అందరికీ మామూలుగానే కనబడుతున్నాడు.

నేను గుమ్మం పట్టుకున్నాను. నాలుగేళ్ల జైలు, మా ఆయన కొట్టు జప్తు, అమ్మాయి చదువు, అన్నీ వరసగా కళ్ల ముందు నడిచిపోయాయి.

పానకాలరావు గారి మైకు లేచింది. "సదరు పక్షి గూడు మా పరిధిలో కలదు. కొలతలతో సహా నమోదైనది."

"సదరు పక్షి దినమంతయు మా పరిధిలోనే ఆహారం స్వీకరించుచున్నది. పువ్వు మాది, తేనె మాది."

"పిల్లలు మావి."

"పిల్లల కడుపులో ఉన్నది మాది."

ఇది తేలేలా లేదు. ఆ యజమాని ఈ వాదనంతా విని, గీత మీదుగా ఎగిరొచ్చి, ఒక పిల్ల నోట్లో ఏదో పెట్టి, మళ్లీ అటు పోయాడు. రెండు గట్ల మీదా చప్పట్లు కొట్టారు.

జాయింట్ డైరెక్టరు గారు నెమ్మదిగా అడిగారు. "పానకాలరావు గారూ, పగలంతా పక్క జిల్లాలో ఉంటే ఇది లోకల్ ఎట్లా అవుతుంది?"

ఆయన చేతిలో జాబితా వైపు చూసుకున్నారు. పోతే పిట్ట ఒక్కటే పోదు. కొంగ పోతుంది, పిచ్చుక పోతుంది. అప్పుడు నేను చూశాను, ఉద్యోగంలో మొదటిసారి ఆయన మొహంలో కొత్త ఆలోచన పుట్టడం.

"మేడం, జీవనోపాధి నిమిత్తం గాని, ఇతర అవసరాల నిమిత్తం గాని పగటి వేళ జిల్లా దాటుట స్థానికతకు భంగం కలిగించదు. ఏ జీవి అయినను రాత్రి ఎచ్చట నిద్రించునో అదియే దాని స్థానికత."

"ఇది నిబంధనా?"

"ఇప్పటి నుంచి వివరణ, మేడం."

"బాగుంది. రాతపూర్వకంగా ఇవ్వండి. అవతలి వాళ్లకి కూడా ఒక ప్రతి పంపండి."

అక్కడికక్కడ రాసి, ముద్ర కొట్టి, రాయికి చుట్టి కాలువ దాటించారు. అవతలి గట్టు చదువుకుని చల్లబడింది. వాళ్ల పక్షులు కొన్ని మా చెరకు తోటల్లో మేస్తున్నాయని, ఆ వివరణ వాళ్లకీ పనికొస్తుందని తర్వాత తెలిసింది.

అందరూ కదలబోతున్నారు. నేను నోరు తెరిచాను. నేను తెరుస్తానని నాకూ తెలియదు.

"అయ్యా, మా అమ్మాయి కూడా రాత్రి ఇక్కడే పడుకుందండీ."

పానకాలరావు గారు ఆగారు. "అంటే?"

"పగలు కాలువ దాటి బడికి పోయేది. సాయంత్రానికి వచ్చేది. అక్కడ చదివినన్నాళ్లూ అంతేనండీ. ఒక్క రాత్రి కూడా గీత అవతల పడుకోనివ్వలేదు. మేనత్త కూతురి పెళ్లికి కూడా రాత్రే తీసుకొచ్చేశాను, అక్కడ దోమలని. మీరు ఇప్పుడు చెప్పారు కదండీ, ఏ జీవైనా అని."

గుమ్మంలో సింధూర తల దించుకుని నిలబడింది. మస్తాన్‌బీ గోడ ఎక్కి ఇటు దిగింది. ఊరంతా పానకాలరావు గారినే చూస్తోంది.

"సదరు వివరణ పక్షుల సందర్భంలో ఇచ్చినది. పక్షులకు మాత్రమే వర్తిస్తుంది. మానవులకు పాత నిబంధనలే."

జాయింట్ డైరెక్టరు గారు మా అమ్మాయి వంక కొంచెంసేపు చూశారు.

"మీ లక్ష్యం ఎన్ని పక్షులు?"

"పాతిక, మేడం."

"చూపించినవి?"

"ఇరవై నాలుగు. కోయిల తిరస్కరణకు గురైనది. ఇంకొకటి ఎంత గాలించినా లభ్యం కాలేదు."

"లక్ష్యం తగ్గితే సంజాయిషీ ఇవ్వాల్సి వస్తుంది." ఆమె సింధూర వైపు తిరిగారు. "నీ పేరేంటమ్మా?"

"సింధూరండి."

"సింధూర." ఇంకోసారి నెమ్మదిగా పలికారు. "పిట్ట పేరులాగే ఉంది కదా, పానకాలరావు గారూ?"

"మేడం, రెక్కలు..."

"సర్క్యులర్‌లో రెక్కల ప్రస్తావన ఉందా?"

ఆయన సంచిలోంచి సర్క్యులర్ తీసి, మొదటిసారి కాబోలు, మొదటి నుంచి చివరి దాకా చదివారు. "లేదు, మేడం."

"మరి రాసుకోండి."

రాసుకోవడం మొదలయ్యాక ఆయన మళ్లీ మామూలు మనిషి అయ్యారు. "పక్షి పేరు సింధూర పిట్ట. ఇంటిపేరు గోనుగుంట్ల. రంగు?"

"చామనఛాయండీ," అన్నాను.

"కూత?"

"తక్కువండీ."

"మన ముందర తక్కువే," అంది మస్తాన్‌బీ. "వాళ్లమ్మ దగ్గర ఇనాలి."

"మేత?"

"కాలువ అవతలి హైస్కూల్లో," అంది సింధూర తనే. "గూడు ఇక్కడ."

'సదరు పక్షి ఈ మండలమునకు చెందిన స్థానిక పక్షి అని ధ్రువీకరించడమైనది' అని గుండ్రటి ముద్ర వేసి ఇచ్చారు. కింద చిన్న అక్షరాల్లో, తనిఖీ సమయమున పక్షిని చూపించు బాధ్యత సంరక్షకులదే అని ఉంది. ఇది నేను చాలాసార్లు చదివాను. మా ఆయన రాత్రి వచ్చి కాగితం చూసి, మమ్మల్ని చూసి, "కూలర్ల దుకాణంలో ఉంటే ఊళ్లో ఏం జరగతందో తెలవడంలేదు" అన్నారు. అన్నం తిన్నాక మళ్లీ తెచ్చి దీపం కింద పెట్టుకుని చదివారు. అంతకంటే ఆయన సంతోషం చూపించరు.

సోమవారం కౌన్సెలింగుకి వెళ్లాం. బల్ల దగ్గరాయన ముద్ర చూశాడు, ముద్ర గుండ్రంగా ఉందో లేదో వేలితో తడిమాడు, సీటు కాగితం ఇచ్చాడు. నేనే ఆగలేక, "పక్షి అని రాశారండీ, ఫరవాలేదా" అని అడిగాను. సింధూర నా చెయ్యి గిల్లింది.

"పశువైద్య కాలేజీ కదమ్మా," అన్నాడాయన తలెత్తకుండా. "వెనకాల బర్రె పేరుతో తెచ్చినాయన నిలబడి ఉన్నాడు. జరగండి."

ఆ తర్వాత వారంలోనే తేనెపిట్ట పిల్లలు రెండూ ఎగిరిపోయాయి. ఒకటి తిన్నగా పోయింది. ఇంకోటి మా ఆయన లుంగీ మీద వాలి, భయపడి, కాసేపు కూర్చుని, అప్పుడు పోయింది. అది నా పోలిక. గూడు మాత్రం తీయలేదు, తీస్తే ఏ చర్యలు తీసుకొనబడునో అని.

సింధూర హాస్టల్లో చేరింది. ఫ్యాను కింద పడుకోవద్దని, ఫ్యాను లేకుండా పడుకోవద్దని రెండూ చెప్పి పంపాను.

జూలైలో ఆ చిన్న పుస్తకం అచ్చయింది. అచ్చయిన పదో రోజో ఏమో, మెడలో దుర్భిణీలు, భుజాన పెద్ద కెమెరాలతో హైదరాబాదు నుంచి ఇద్దరు మా గేటు ముందు దిగారు. పెద్దాయన ఒకరు, ఆయన భార్య. దేశం మీద పక్షులన్నీ చూశారట. ఈ పక్షి పేరు మాత్రం ఎక్కడా వినలేదట. పుస్తకంలో తెరిచి చూపించారు. 'సింధూర పిట్ట. అరుదైనది. గుండ్లమడుగులో గోనుగుంట్ల బ్రహ్మయ్య గారి ఇంట కనబడును.'

నాకు సంతకం గుర్తొచ్చింది. వీళ్లు మామూలు మనుషుల వేషంలో వచ్చిన తనిఖీ వాళ్లేమో.

"ఎప్పుడు కనబడుతుందమ్మా?" అని అడిగారు ఆవిడ, గొంతు తగ్గించి, పిట్ట బెదురుతుందని.

"ఇప్పుడు లేదమ్మా. శనివారం సాయంత్రం వస్తది. సోమవారం పొద్దున్నే పోతది."

వాళ్లిద్దరూ మొహాలు చూసుకున్నారు. పెద్దాయన జేబులోంచి చిన్న నోటు పుస్తకం తీసి, "అంటే వలస పక్షి" అంటూ రాయబోయారు.

నేను చెయ్యి అడ్డం పెట్టాను. అంతవరకు ఎవరి చేతికీ నేను చెయ్యి అడ్డం పెట్టిన మనిషిని కాదు.

"వలసేంది నాయనా. లోకల్. శనివారం వస్తే మీకే తెలస్తది, గేటు కాడ్నుంచే ఆకలంటా వస్తది."